కుక్కలు, పిల్లుల్లో ఎముక మజ్జ పరీక్ష, రక్తకణాల జబ్బులు: తరచుగా అడిగే ప్రశ్నలు

రక్తకణాలు తయారయ్యేది ఎముకల లోపలి మజ్జలో. డాక్టరు నోట "మజ్జ పరీక్ష" అన్న మాట రాగానే చాలామంది క్యాన్సర్ అనే అనుకుంటారు. అందరికీ వచ్చే సందేహాలు దాదాపు అవే కాబట్టి ఒక్కచోట రాసి పెట్టాం. జబ్బు ఏ దశలో ఉంటే ఆ భాగం చదువుకోవచ్చు. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది.

## అనుమానం మొదలైనప్పుడు

సీబీసీలో (రక్తకణాల లెక్క చూసే పరీక్షలో) అన్నీ తక్కువగా వచ్చాయి. వెంటనే మజ్జ పరీక్ష చేయించాలా?

వెంటనే అక్కర్లేదు. ముందు సీబీసీ మళ్లీ చేయించి, అదే రక్తంతో స్లైడు వేసి మనిషి కంటితో చూడాలి. మెషిన్ కణాలను లెక్కపెడుతుంది గానీ వాటి ఆకారం గురించి పెద్దగా చెప్పదు. ఎర్ర కణాల్లో బబీసియా అనే పరాన్నజీవి ఉందా, మోనోసైట్లు అనే తెల్ల కణాల్లో ఎర్లీకియా బాక్టీరియా గుత్తులు కనిపిస్తున్నాయా, పక్వానికి రాని కణాలు రక్తంలోకి వచ్చేశాయా అన్నవి స్లైడు మీదే తెలుస్తాయి. పిడుదుల వల్ల వచ్చే జబ్బుల పరీక్షలు, కిడ్నీ, లివర్ పరీక్షలు, పొట్ట స్కానింగ్ అయ్యాక కూడా కారణం దొరకకపోతే అప్పుడు మజ్జ దాకా వెళ్లడం సబబు. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లలో ఏ రెండో మూడో కలిసి తగ్గుతూ, మళ్లీ చేసినా అలాగే వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

రక్తం తక్కువగా ఉందన్నారు. మజ్జ పని చేస్తోందో లేదో రక్తపరీక్షతోనే తెలియదా?

చాలావరకు తెలుస్తుంది. రెటిక్యులోసైట్ కౌంట్ అడగండి. ఇవి మజ్జ నుంచి అప్పుడే బయటికొచ్చిన లేత ఎర్ర కణాలు. రక్తం పోతున్నా, శరీరంలోనే కణాలు పగిలిపోతున్నా, ఆరోగ్యంగా ఉన్న మజ్జ వీటిని పెద్ద ఎత్తున పంపిస్తుంది. రక్తహీనత బాగా ఉండి కూడా ఇవి పెరగకపోతే లోపం తయారీలోనే ఉందన్నమాట.

ఇక్కడ తొందరపడితే పొరపాటు పడతాం. మజ్జ స్పందించి, లేత కణాలు రక్తంలో కనిపించడానికి 3 నుంచి 5 రోజులు పడుతుంది. నిన్న ప్రమాదంలో రక్తం పోయిన కుక్కకు ఈరోజు కౌంట్ చూసి "మజ్జ పని చేయడం లేదు" అనడం అన్యాయం. ఐదు రోజుల తర్వాత మళ్లీ చూడాలి.

ప్లేట్‌లెట్లు 40 వేలే అని మెషిన్ చూపించింది, కానీ మా పిల్లి హుషారుగానే ఉంది. నమ్మాలా?

స్లైడు చూసేదాకా నమ్మొద్దు. పిల్లి రక్తం తీసేటప్పుడు ప్లేట్‌లెట్లు గుంపులు కట్టేస్తాయి. మెషిన్ ఆ గుంపును లెక్కలోకే తీసుకోదు, లేదా తెల్ల కణమనుకుంటుంది. స్లైడు అంచున ఈ గుంపులు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్క తక్కువ అంకె చూసి వారం రోజులు టెన్షన్ పడ్డాక, అసలు సమస్యే లేదని తేలిన పిల్లులు ఎన్నో.

కుక్కల్లోనూ జాతి తేడాలున్నాయి. కవలియర్ కింగ్ చార్లెస్ స్పేనియల్ కుక్కల్లో చాలావాటికి పుట్టుకతోనే ప్లేట్‌లెట్లు పెద్దవిగా, తక్కువ సంఖ్యలో ఉంటాయి. రక్తస్రావం ఏమీ ఉండదు. గ్రేహౌండ్లకు ప్లేట్‌లెట్లు కాస్త తక్కువగా, ఎర్ర కణాలు ఎక్కువగా ఉండటం మామూలే.

పిడుదుల జ్వరం ఎప్పుడో వచ్చి తగ్గిపోయింది. ఇప్పుడు కణాలన్నీ తగ్గడానికి అదే కారణమా?

కావచ్చు. ఎర్లీకియా కానిస్ అనే బాక్టీరియా గోధుమరంగు కుక్క పిడుదుల ద్వారా ఒంట్లోకి వస్తుంది. మొదట జ్వరం, నీరసం, ప్లేట్‌లెట్లు తగ్గడం. రెండు మూడు వారాల్లో కుక్క తేరుకున్నట్టే కనిపిస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి, బయటికి ఏ లక్షణమూ లేకుండా అది లోపలే ఉండిపోగలదు. కొన్ని కుక్కల్లో అక్కడి నుంచి దీర్ఘకాలిక దశలోకి వెళ్తుంది. జర్మన్ షెపర్డ్‌లలో ఇది మరీ తీవ్రంగా ఉంటుందని పేరు.

మొదటి దశలో మజ్జ కణాలతో కిటకిటలాడుతూ ఉంటుంది. కణాలు తగ్గేది రక్తంలోనే. దీర్ఘకాలిక దశలో మజ్జే ఖాళీ అవుతుంది, మూడు రకాల కణాలూ పడిపోతాయి. మొదటి దశలో యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్‌కు ఒకటి రెండు రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. మజ్జ ఖాళీ అయ్యాక అదే మందు ఇచ్చినా తేరుకుంటుందన్న భరోసా ఉండదు. అందుకే 28 రోజుల కోర్సును, జ్వరం తగ్గిందని పదో రోజున ఆపేయకూడదు.

పిల్లి కదా, బయటికి కూడా పోదు. దానికి రక్తం ఎందుకు తగ్గుతుంది?

పిల్లుల్లో ముందు చూడాల్సింది ఫెలైన్ లుకేమియా వైరస్, ఎఫ్ఐవీ (రోగనిరోధక శక్తిని దెబ్బతీసే మరో వైరస్). లుకేమియా వైరస్‌ను 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం కనిపెట్టింది. పేరులో లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్నా, అది ఎర్ర కణాల తయారీని మాత్రమే ఆపేయవచ్చు, మజ్జ మొత్తాన్ని కుంగదీయవచ్చు, కణాలు వంకరటింకరగా ఎదిగే స్థితికీ తేవచ్చు. ఇప్పుడు బయటికి వెళ్లకపోయినా, పిల్లకూనగా ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చి ఉండొచ్చు. మామూలు కిట్ పరీక్షలో నెగెటివ్ వచ్చినా వైరస్ జన్యుపదార్థం కణాల్లో దాగి ఉండే అవకాశం ఉంది. అనుమానం గట్టిగా ఉంటే పీసీఆర్ చేయించాలి. వయసు మళ్లిన పిల్లిలో అయితే కిడ్నీ జబ్బే ఎక్కువగా దోషి.

వాడుతున్న మందుల వల్ల మజ్జ దెబ్బతింటుందా?

తింటుంది. డాక్టరు అడగకపోయినా గత రెండు నెలల్లో ఇచ్చిన ప్రతి మందూ చెప్పండి, ఇంట్లో మీరే వేసినవి కూడా. క్యాన్సర్ మందులు, అజాథయోప్రిన్, సల్ఫా మందులు, మూర్ఛకు ఇచ్చే ఫినోబార్బిటాల్, ఫినైల్‌బ్యూటజోన్, పిల్లుల్లో క్లోరాంఫెనికాల్, థైరాయిడ్‌కు ఇచ్చే మెథిమజోల్, ఎఫ్ఐవీ ఉన్న పిల్లుల్లో గ్రిసియోఫుల్విన్ ఈ జాబితాలోవే. చాలా మందుల విషయంలో ఆపేస్తే మజ్జ తేరుకుంటుంది.

ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ అలా కాదు. కుక్క మజ్జకు అది విషంతో సమానం. వృషణం కిందికి దిగకుండా పొట్టలోనే ఉండిపోయిన మగకుక్కలో అక్కడ గడ్డ ఏర్పడి, అదే ఈస్ట్రోజెన్ తయారు చేయడం మొదలుపెట్టవచ్చు. మగకుక్కకు చనుమొనలు పెద్దవై, ఒంటి మీద వెంట్రుకలు రాలుతూ, కణాలు తగ్గుతుంటే ముందు వృషణాలు రెండూ ఉన్నాయో లేదో తడిమి చూడాలి. ఇంత తేలికైన పరీక్ష వదిలేసి మజ్జలో సూది గుచ్చడం న్యాయం కాదు.

ఎలాంటి జంతువుకు మజ్జ పరీక్ష అక్కర్లేదు?

కారణం చేతికి దొరికినదానికి. పార్వో వచ్చిన కుక్కపిల్లలో తెల్ల కణాలు పడిపోతాయి, అది ఆ వైరస్ పనే. ముదిరిన కిడ్నీ జబ్బులో, ఎర్ర కణాలు తయారు చేయమని మజ్జకు చెప్పే ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ తగ్గి రక్తం తగ్గుతుంది. కీమో ఇచ్చిన వారం పది రోజులకు తెల్ల కణాలు తగ్గడం ముందే తెలిసిన విషయం. ప్లేట్‌లెట్లు మాత్రమే బాగా పడిపోయి, మిగతావన్నీ మామూలుగా ఉన్న కుక్కలో కూడా మొదట మజ్జ పరీక్ష చేయరు. రోగనిరోధక వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేస్తోందన్న అంచనాతో చికిత్స మొదలుపెడతారు, స్పందన లేకపోతే మజ్జ చూస్తారు.

## పరీక్షకు ముందు

రిపోర్టు వచ్చేదాకా స్టెరాయిడ్ ఇస్తే తప్పేంటి? కాస్త ఓపిక వస్తుంది కదా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ లాంటివి లింఫోమా (ఒక రకం తెల్ల కణాల క్యాన్సర్) కణాలను, కొన్ని లుకేమియా కణాలను కొద్ది రోజుల్లోనే కరిగిస్తాయి. కుక్క లేచి తిరుగుతుంది, అన్నం తింటుంది, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. ఆ తర్వాత మజ్జ తీస్తే దొరకాల్సిన కణాలు దొరకవు, రిపోర్టు అయోమయంగా వస్తుంది. జబ్బు మాత్రం పోలేదు. పైగా ముందే స్టెరాయిడ్ తిన్న లింఫోమా తర్వాతి కీమోకు సరిగా లొంగకపోవచ్చు. లోపల ఫంగస్ లాంటి ఇన్ఫెక్షన్ దాగి ఉంటే అదీ విజృంభిస్తుంది.

ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఇవ్వక తప్పదు, ఆ నిర్ణయం డాక్టరుది. ఒకటి రెండు రోజులు ఆగే వీలుంటే మాత్రం "ముందు శాంపిల్, తర్వాత స్టెరాయిడ్" అని మీరే గట్టిగా అడగండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఏ మందు, ఎన్ని రోజులు అన్నది ల్యాబు ఫారం మీద రాయించండి.

ప్లేట్‌లెట్లు అంత తక్కువగా ఉంటే సూది గుచ్చాక రక్తం ఆగుతుందా?

సాధారణంగా ఆగుతుంది. ప్లేట్‌లెట్లు తక్కువన్న ఒక్క కారణంతో ఈ పరీక్ష మానేయరు. సూది దిగేది చర్మానికి దగ్గరగా ఉండే ఎముకలోకి, పైనుంచి గట్టిగా అదిమి పట్టుకునే వీలుంటుంది. ఇంకాస్త ఎక్కువసేపు పట్టుకుంటారు, అంతే. గడ్డకట్టే ప్రక్రియే దెబ్బతిన్నప్పుడు మాత్రం, ఎలుకల మందు తిన్నా, లివర్ పాడైనా, ముందు దాన్ని సరిచేయాలి.

పూర్తి మత్తు ఇస్తారా? అసలే నీరసంగా ఉంది, తట్టుకుంటుందా?

కుక్కల్లో చాలావాటికి తేలికపాటి మత్తు, గుచ్చే చోట లిడోకైన్ సరిపోతాయి. లిడోకైన్ చర్మంతో ఆగకుండా ఎముక పైపొర దాకా వెళ్లాలి. నొప్పంతా ఆ పొరలోనే ఉంటుంది. పిల్లులకు సాధారణంగా గాఢమైన మత్తు గానీ పూర్తి మత్తు గానీ కావాలి. రక్తం ప్రమాదకరంగా తక్కువగా ఉంటే ముందు రక్తం ఎక్కించి, ఆ తర్వాతే మత్తు ఇస్తారు.

రక్తం ఎక్కించాలన్నారు. జంతువులకు కూడా గ్రూపులు ఉంటాయా?

ఉంటాయి, పిల్లుల్లో అది ప్రాణాల మీది విషయం. ముఖ్యమైన గ్రూపులు ఎ, బి, ఎబి. బి గ్రూపు పిల్లి ఒంట్లో ఎ గ్రూపుకు వ్యతిరేకంగా బలమైన యాంటీబాడీలు సహజంగానే ఉంటాయి. దానికి ఎ రక్తం కొంచెం ఎక్కించినా చనిపోవచ్చు. అందుకే మొదటిసారికైనా సరే గ్రూపు చూడకుండా పిల్లికి రక్తం పెట్టకూడదు. కుక్కల్లో ముఖ్యమైనది డీఈఏ 1 అనే గ్రూపు. వాటికి ఇలాంటి సహజ యాంటీబాడీలు పెద్దగా ఉండవు కాబట్టి మొదటిసారి సాధారణంగా ఇబ్బంది రాదు. అయినా గ్రూపు చూడటమే మేలు. ఒకసారి ఎక్కించి నాలుగైదు రోజులు దాటాక మళ్లీ ఎక్కించాల్సి వస్తే, రెండు రక్తాలూ పొసగుతాయో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ తప్పనిసరి.

## పరీక్ష రోజు

ఎక్కడ గుచ్చుతారు? అసలు ఏం చేస్తారు?

ఎక్కువగా వాడేది ముందుకాలు భుజానికి కలిసేచోట ఉండే ఎముక పైభాగం. కండ పలచగా ఉంటుంది, లావుగా ఉన్న కుక్కలో కూడా చేతికి తగులుతుంది. తుంటి ఎముక అంచు, తొడ ఎముక పైకొన కూడా వాడతారు. వెంట్రుకలు గొరిగి, ఆపరేషన్‌కు శుభ్రం చేసినట్టే శుభ్రం చేసి, చర్మం మీద చిన్న గాటు పెడతారు. లోపల కడ్డీ ఉన్న లావుపాటి సూదిని అటూ ఇటూ తిప్పుతూ ఎముకలోకి దించుతారు. సూది ఎముకలో బిగుసుకున్నాక వదిలేసినా నిటారుగా నిలబడుతుంది, కాలు కదిపితే దాంతోపాటే కదులుతుంది. సరైన చోటికి చేరిందనడానికి అదే గుర్తు.

కడ్డీ తీసి, పెద్ద సిరంజి తగిలించి ఒక్కసారి గట్టిగా లాగుతారు. సిరంజిలోకి ఎర్రటి ద్రవం రాగానే ఆపేయాలి. అర మిల్లీలీటరు చాలు, అంతకంటే లాగితే వచ్చేది ఉత్త రక్తమే. లాగిన ఆ క్షణంలో మాత్రం మత్తులో ఉన్న జంతువు కూడా ఒక్కోసారి ఉలిక్కిపడుతుంది. అక్కడి నుంచి అంతా పరుగే. మజ్జ అర నిమిషంలో గడ్డకట్టడం మొదలుపెడుతుంది కాబట్టి సిరంజిలో ముందే గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉంచుతారు. స్లైడును వాలుగా పట్టుకుంటే రక్తం కిందికి జారిపోయి, కొవ్వుతో మెరిసే చిన్న చిన్న రవ్వలు గాజుకు అంటుకుని నిలుస్తాయి. కావాల్సింది ఆ రవ్వలే. అవి కనిపిస్తే శాంపిల్ బాగా వచ్చినట్టు.

సూదితో లాగాక మళ్లీ ముక్క కూడా తీయాలన్నారు. రెండూ ఎందుకు?

లాగిన శాంపిల్‌లో ఒక్కో కణం ఎలా ఉందో తెలుస్తుంది. ముక్కలో అవి ఎలా సర్దుకుని ఉన్నాయో, మజ్జ నిండుగా ఉందా, కొవ్వుగా మారిందా, నార పెరిగిందా అన్నవి తెలుస్తాయి. మత్తు ఒక్కసారే ఇస్తారు కాబట్టి రెండూ ఒకేసారి తీయించుకోవడం మంచిది. ముక్కలో ఎముక ఉంటుంది, దాన్ని మెత్తబరిచాకే కోయగలరు. అందుకే ఆ రిపోర్టు ఆలస్యమవుతుంది.

శాంపిళ్లు మీరే కొరియర్ చేస్తుంటే ఒక జాగ్రత్త. ముక్క ఉన్న ఫార్మలిన్ డబ్బానూ స్లైడ్లనూ ఒకే ప్యాకెట్‌లో పెట్టకండి. మూత బిగించినా ఆవిరి బయటికొచ్చి స్లైడ్ల మీద కణాలకు రంగు పట్టకుండా చేస్తుంది. చక్కగా తీసిన శాంపిళ్లు కూడా ఇలా పాడవుతుంటాయి.

ఎంత లాగినా ఏమీ రాలేదన్నారు. డాక్టరుకు చేతకాలేదా?

కొన్నిసార్లు సూది సరిగా దిగకపోవడమే కారణం. మజ్జలో నార పేరుకుపోయినా, క్యాన్సర్ కణాలు కిక్కిరిసి ఉన్నా కూడా ఏమీ రాదు. అలాంటప్పుడు వేరే ఎముకలో ఒకసారి ప్రయత్నించి, రాకపోతే ముక్క తీయాలి.

ఇంటికొచ్చాక ఏం జాగ్రత్తలు?

ఒకటి రెండు రోజులు కొద్దిగా కుంటవచ్చు. గాటును నాకనివ్వొద్దు, తడపొద్దు. వాపు పెరుగుతున్నా, రక్తం కారుతున్నా తీసుకెళ్లి చూపించండి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వేయకండి. పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు.

## రిపోర్టు చేతికొచ్చాక

రిపోర్టులో మొదట ఏం చూడాలి?

శాంపిల్ నాణ్యత గురించి రాసిన వాక్యం. రవ్వలు లేవు, రక్తం కలిసిపోయింది అని రాసి ఉంటే కింద రాసినదాన్ని అంతంతమాత్రంగానే నమ్మాలి. తర్వాత, అదే రోజు తీసిన సీబీసీని పాథాలజిస్ట్ చూశారో లేదో కనుక్కోండి. రక్తంలో ఎంత అవసరం ఉందో తెలియకుండా మజ్జ చాలినంత పని చేస్తోందో లేదో ఎవరూ చెప్పలేరు. ఎర్ర కణాల తల్లికణాలు మామూలు సంఖ్యలో ఉన్నాయంటే ఆరోగ్యంగా ఉన్న కుక్కలో అది మంచి మాట. రక్తం సగానికి పడిపోయిన కుక్కలో అదే మాటకు అర్థం మజ్జ స్పందించడం లేదని.

ఎం:ఈ నిష్పత్తి అని ఒక అంకె ఉంది. అది ఎక్కువైతే క్యాన్సరా?

కాదు. తెల్ల కణాల వరుసకూ ఎర్ర కణాల వరుసకూ మధ్య నిష్పత్తి అది. కుక్కలు, పిల్లుల్లో మామూలుగా 1:1కి అటూ ఇటూ మొదలై 2:1 దాటి కొంత దాకా ఉంటుంది. పెరిగిందంటే తెల్ల కణాలు పెరిగి ఉండొచ్చు, లేదా ఎర్ర కణాలు తగ్గి ఉండొచ్చు. చీము పట్టిన గాయం ఉన్నా పెరుగుతుంది.

మా పిల్లి మజ్జలో ఐరన్ నిల్వలు లేవని రాశారు. ఐరన్ టానిక్ పోయాలా?

వద్దు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మజ్జలో కూడా రంగు పట్టే ఐరన్ సాధారణంగా కనిపించదు. కుక్కలో మాత్రం అది కనిపించాలి. లేదంటే కొంకి పురుగులో, పేగుల్లో పుండో గడ్డో ఉండి చాలాకాలంగా రక్తం పోతోందేమో వెతకాలి.

బ్లాస్ట్ కణాలు ఎక్కువని రాశారు. అంటే లుకేమియానేనా?

బ్లాస్ట్‌లు తొలిదశ కణాలు. ఆరోగ్యంగా ఉన్న మజ్జలోనూ కొద్దిగా ఉంటాయి. 20 శాతం దాటితే సాధారణంగా తీవ్ర లుకేమియాగా లెక్కిస్తారు. అంతకు తక్కువగా ఉండి కణాల ఆకారాలు వికృతంగా ఉంటే మైలోడిస్ప్లాసియా (మజ్జలో కణాలు సరిగా ఎదగని జబ్బు) కావచ్చు. అణిచివేత నుంచి తేరుకుంటున్న మజ్జలో కూడా కొన్ని రోజుల పాటు తొలిదశ కణాలే ఎక్కువగా కనిపిస్తాయి. శాంపిల్ తీసిన రోజును బట్టి అర్థం మారిపోయే సందర్భం ఇది. అనుమానం ఉంటే వారం పది రోజులకు మళ్లీ చూడమని అడగడంలో తప్పు లేదు. ఏ వరుస కణాలన్నది, కణాల మీది గుర్తులను బట్టి వాటిని వేరుచేసే ఫ్లో సైటోమెట్రీతో తేలుతుంది. దానికి తాజా శాంపిల్ కావాలి.

ప్లాస్మా కణాలు ఎక్కువగా ఉన్నాయి, మైలోమా అంటున్నారు. ఇంకేమైనా కావచ్చా?

కావచ్చు. మైలోమా అంటే యాంటీబాడీలు తయారు చేసే ప్లాస్మా కణాల క్యాన్సర్. కానీ ఎర్లీకియా, లీష్మేనియా లాంటి దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్లు కూడా మజ్జలో ప్లాస్మా కణాలను, రక్తంలో గ్లోబులిన్ ప్రోటీన్లను బాగా పెంచుతాయి. ఎర్లీకియాలో ప్రోటీన్ పరీక్ష అచ్చం మైలోమాలాగే ఒకే శిఖరం చూపించిన సందర్భాలున్నాయి. ఎక్స్‌రేలో ఎముకల్లో చిల్లులు, మూత్రంలో ప్రత్యేక ప్రోటీన్, రక్తంలో కాల్షియం చూసి, ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకున్నాకే కీమో మందు మెల్ఫలాన్ మొదలుపెట్టాలి. అది స్వయంగా మజ్జను అణిచే మందు. తప్పు జబ్బుకు ఇస్తే నష్టం రెండింతలు.

## చికిత్స మొదలయ్యాక

మజ్జలో ఎర్ర కణాలను సొంత శరీరమే చంపుతోందన్నారు. రెండు వారాలైనా మందు పని చేయలేదు. మార్చాలా?

తొందరపడకండి. రక్తంలో తిరిగే కణాలను చంపే జబ్బుల్లో స్పందన రోజుల్లో కనిపిస్తుంది. మజ్జలోనే తల్లికణాలను చంపే ఈ జబ్బులో వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా రక్తం ఎక్కించి నెట్టుకురావాలి. అన్నిటికంటే ముందు పెరగాల్సింది రెటిక్యులోసైట్లు, హిమోగ్లోబిన్ తర్వాత వస్తుంది. మందు ఆపేద్దామనుకునే ముందు ఆ కౌంట్ ఒకసారి చూడండి.

తెల్ల కణాలు బాగా తక్కువ. ఇంట్లో ఏం చూసుకోవాలి?

ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల కణాలైన న్యూట్రోఫిల్స్ 1,000 కంటే తగ్గితే ఇన్ఫెక్షన్ భయం మొదలవుతుంది, 500 కంటే తగ్గి జ్వరం వస్తే అర్ధరాత్రైనా ఆస్పత్రికి వెళ్లాలి. చీము తయారు చేసే కణాలే లేవు కాబట్టి గాయం బయటికి మామూలుగానే కనిపిస్తుంది, జ్వరమొక్కటే ఆధారం. రోజుకు రెండుసార్లు టెంపరేచర్ చూడండి. పచ్చి మాంసం పెట్టకండి.

ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే చిగుళ్లు, చెవి లోపలి వైపు, పొట్ట కింది చర్మం చూడండి. సూదిమొన అంత ఎర్ర చుక్కలు, నల్లటి మలం, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే వెంటనే చూపించాలి. ఎముకలు, గట్టి బొమ్మలు కొరకనివ్వకండి.

లుకేమియా అని తేలింది. ఎంతకాలం ఉంటుంది?

ఏ రకమన్నదాన్ని బట్టి. తీవ్ర లుకేమియాలో కీమో ఇచ్చినా చాలా కుక్కలు వారాలు, కొన్ని నెలలు మాత్రమే ఉంటాయి. ఈ మాట దాచి ఆశ పెట్టడం మంచిది కాదు. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా పూర్తిగా వేరు. ముసలి కుక్కల్లో తరచుగా వేరే పనికి చేసిన రక్తపరీక్షలో బయటపడుతుంది. లక్షణాలు లేకపోతే మందే ఇవ్వకుండా అప్పుడప్పుడు సీబీసీ చూస్తూ ఉండవచ్చు. చికిత్సతో ఏడాది, రెండేళ్లు హాయిగా బతికేవి చాలా ఉన్నాయి.

మనుషులకు చేసినట్టు మజ్జ మార్పిడి చేయలేమా?

నిజానికి మనుషులకు అది అందడంలో కుక్కల పాత్ర చాలా ఉంది. ఇ. డానల్ థామస్ బృందం ఏళ్ల తరబడి కుక్కల మీద ప్రయోగాలు చేసి ఈ పద్ధతికి దారి వేసింది, ఆయనకు 1990లో నోబెల్ వచ్చింది. ఈరోజు కుక్కలకు ఈ చికిత్స ఉంది గానీ, చేసే కేంద్రాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. రేడియేషన్ యంత్రం, సరిపోయే దాత, వారాల తరబడి ఐసోలేషన్ కావాలి. ఎక్కువగా లింఫోమా ఉన్న కుక్కలకే చేస్తున్నారు.

మజ్జ పరీక్ష మళ్లీ చేయించాల్సి వస్తుందా?

రక్తంలో కణాలు పెరుగుతుంటే అక్కర్లేదు. మందు సరిపోయేంత కాలం ఇచ్చినా కదలిక లేకపోయినా, బాగైన కౌంట్లు మళ్లీ పడిపోతున్నా, మొదటి శాంపిల్‌లో రవ్వలే లేకపోయినా మళ్లీ చేయాలి. అప్పుడు పాత స్లైడ్లు కూడా అదే పాథాలజిస్ట్‌కు పంపండి. పక్కపక్కన పెట్టి చూస్తే, విడిగా చూసినప్పుడు దొరకని తేడా దొరుకుతుంది.